టూల్ సరే, లెక్క ఎక్కడ పెట్టారు?

కంపెనీ రిపోర్టులకి ఏ టూల్ వాడాలి, పవర్ బీఐనా, టాబ్లోనా, మెటాబేసా, లేక ఉన్న క్రిస్టల్ రిపోర్ట్స్‌నే ఇంకో ఏడాది లాగిద్దామా? హైటెక్ సిటీలో ఈ మీటింగు మొదలైతే రెండు రౌండ్ల చాయ్ అయినా తెగదు. నా మాట ఒక్కటే. ఏదైనా కొనుక్కోండి, లెక్క మాత్రం టూల్‌లో దాచకండి, డేటాబేస్‌లోనే వ్యూగా, అంటే డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో రాసి పేరు పెట్టి దాచిన ప్రశ్నగా, రాసిపెట్టండి.

బాలానగర్‌లో ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు, నెలాఖరు. అకౌంటెంట్ చేతిలో రెండు ప్రింటౌట్లు, నెల ఒకటే, అమ్మకాల మొత్తాలే వేరు. సాయంత్రం దాకా వెతికితే తేలిందేంటంటే, బిల్లుకి ఒక్క వరసే ఉండే హెడర్ టేబుల్‌ని ఐటమ్‌ల టేబుల్‌తో జాయిన్ చేసి, అంటే కలిపి, హెడర్‌లో ఉన్న రవాణా ఛార్జీ ఐటమ్‌కొకసారి రిపీటైతే అలాగే కూడేశారు. నాలుగు ఐటమ్‌లున్న బిల్లులో 500 రూపాయలు కాస్తా 2,000 అయి కూర్చుంది! ఆ ఫార్ములా ఎప్పుడో మానేసి వెళ్లిన కుర్రాడు చేసిన రిపోర్టు ఫైల్లో, ఎక్కడో ఒక సబ్‌రిపోర్టు లోపల ఉంది. దాన్ని టాబ్లోకి మార్చినా అదే తప్పు రంగుల చార్టులో కనబడుతుంది, అంతే.

పైగా టూల్ మన సొంతం కాదు. క్రిస్టల్ రిపోర్ట్స్ సీగేట్ నుంచి బిజినెస్ ఆబ్జెక్ట్స్‌కి, అక్కడినుంచి ఎస్‌ఏపీకి చేతులు మారింది. టాబ్లోని 2019లో సేల్స్‌ఫోర్స్ కొనేసింది. 2004లో వచ్చిన మైక్రోసాఫ్ట్ రిపోర్టు టూల్ ఎస్‌ఎస్‌ఆర్‌ఎస్‌కి వాళ్ల డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2025తో కొత్త వెర్షనే లేదు, పవర్ బీఐ రిపోర్ట్ సర్వర్‌కి రమ్మంటున్నారు. పవర్ బీఐ ప్రో 2025 ఏప్రిల్‌లో మనిషికి నెలకి 10 డాలర్ల నుంచి 14కి పెరిగింది, నలభై మందికి ఎంతవుతుందో మీరే వేసుకోండి. 1986లో అమెరికా ప్రమాణాల సంస్థ ఆన్సీ స్టాండర్డ్ అయిన ఎస్‌క్యూఎల్ మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. లెక్క అందులో ఉంటే పైన మెటాబేస్ ఉచిత ఎడిషన్ పెట్టుకున్నా చిన్న కంపెనీకి చాలు.

ఎస్‌క్యూఎల్ రాని మేనేజరుకి మౌస్‌తో లాగితే చార్టు రావాలి కదా అంటారు. నిజమే. ఇన్‌వాయిస్‌లు గీత తప్పకుండా ప్రింటు కావాలన్నా ఎస్‌ఎస్‌ఆర్‌ఎస్ లాంటివే నయం. కానీ ఆ మేనేజరు చివరికి నొక్కేది ఎక్సెల్ ఎక్స్‌పోర్ట్ బటనే, ఆ ఎక్సెల్ షీటు 10,48,576 వరసలు దాటి తీసుకోదు.

అసలు జబ్బు మన ఊళ్లోనే ఉంది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఏ బోర్డు చూసినా టూల్ పేరే, ఉద్యోగ ప్రకటనల్లోనూ అదే, దాంతో పిల్లలు కూడా తమని తాము ‘పవర్ బీఐ డెవలపర్’ అనే చెప్పుకుంటారు. ఈమధ్య ఒక ఇంటర్వ్యూలో ఆ రవాణా ఛార్జీ లెక్కే అడిగాను, బిల్లులో నాలుగు ఐటమ్‌లు, హెడర్‌లో 500, జాయిన్ చేసి కూడితే ఎంత వస్తుందని. రెజ్యూమేలో ఆరు టూల్స్ రాసుకున్న అబ్బాయి కాసేపు ఆలోచించి అడిగాడు: “ఏ టూల్‌లో సార్?”