ఏ గ్వాంగ్జు అని ఒక్క మాట అడగొచ్చుగా, మ్యాపు గారూ!

సువాన్, దక్షిణ కొరియా
రాత్రి పదకొండున్నర

మహారాజశ్రీ కొరియా మ్యాపు యాప్ గారి దివ్యసముఖానికి,

నెల్లూరు మూలాపేట కాపురస్తురాలు, ముప్పై రెండేళ్లు సోషల్ చెప్పి రిటైరైన టీచరు చేసుకొనే విన్నపం. ఉభయకుశలోపరి. నా మోకాళ్లు తప్ప ఇక్కడ అందరూ క్షేమం. తమరు కూడా నా ఫోన్లో నాలుగు శాతం ఛార్జింగుతో కులాసాగానే ఉన్నారు.

తమరి పేరు రాయడం లేదు. ఈ దేశంలో తమలాంటి వాళ్లు ఇంకొందరున్నారట. ఎవరి భుజాలు వాళ్లు తడుముకుంటారు. ఈ రోజు మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా మమ్మల్ని తిప్పింది మటుకు తమరే.

తమరి పరిచయం మేం కోరి చేసుకున్నది కాదు. విమానం దిగిన రోజే మా అమ్మాయి నా ఫోను లాక్కొని, "అమ్మా, ఊళ్లో వాడే మ్యాపు ఇక్కడ నడక దారి చూపించదు, ఇది వేసుకో" అని తమర్ని ఎక్కించింది. ఎందుకు చూపించదే అంటే పెద్ద కథే చెప్పింది. వివరంగా ఉండే 1:5,000 స్కేలు మ్యాపు దేశం దాటాలంటే ఇక్కడి ప్రభుత్వం ఒప్పుకోవాలట. గూగుల్ వాళ్లు 2007లో అడిగారు, 2016లో మళ్లీ అడిగారు, రెండుసార్లూ కాదన్నారు. సబబే అనిపించింది. పక్కనే ఉత్తర కొరియా. 1953లో వీళ్ల మధ్య జరిగింది కాల్పుల విరమణే గానీ శాంతి ఒప్పందం కాదని నేనే ఎన్ని బ్యాచులకు చెప్పానో. శత్రువుకు దారి తెలియకూడదు, న్యాయమే. మరి నేనేం చేశాను సామీ? నాక్కూడా తెలియకూడదా?

చిన్న చిన్నవి వదిలేస్తున్నా. సియోల్లో ఒక మెట్రో స్టేషనుకు పద్నాలుగు ఎగ్జిట్లుంటే తమరు ఆరో నెంబరు అని చెప్పి, మేం ఆరులోంచి పైకి తేలగానే ఎదురు రోడ్డు చూపించారు. వదిలేశా. నిలబడ్డచోట నిలబడితే నీలం బాణం గాలిపంకాలా తిరుగుతుంది. వదిలేశా. అల్లుడి కారులో తమరి గొంతు "ఉహ్వేజన్, ఉహ్వేజన్" అంటుంది. కుడివైపు తిరగమని. మా ఆయనకది "భోజనం" అని వినబడుతుంది. పాపం, మూడు రోజులుగా ప్రతి మలుపులోనూ ఆశపడుతున్నాడు. అదీ వదిలేశా.

గ్వాంగ్జు సంగతి మాత్రం వదల్ను.

వేదాయపాళెంలో మా పాత ఇంటి పక్కవాళ్ల అమ్మాయి గ్వాంగ్జులో ఉంది. బిడ్డకు మూడో నెల. "సువాన్ నుంచి గంట, గంటన్నర ఆంటీ. బస్టాండుకొచ్చి ఫోన్ చెయ్యండి, నేనే వస్తా" అంది. మా అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకు పోయారు. ముసలాళ్లిద్దరం బయల్దేరాం. ఆ పిల్లకు మలైకాజా అంటే ప్రాణమని నెల్లూరు నుంచి తెచ్చిన కిలో డబ్బా మా ఆయన ఒళ్లో.

ఇక్కడ నా తప్పొకటుంది, దాచను. ఊరిపేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టలేదు, కొరియా వాళ్ల లిపి హంగుల్లో కొట్టాను. వచ్చే ముందు పట్టుబట్టి నేర్చుకున్నా. సేజోంగ్ రాజు 1443లో తయారుచేసి 1446లో జనానికిచ్చిన అక్షరాలవి. తెలివిగలవాడికి ఒక్క పూటలో, మందబుద్ధికి పది రోజుల్లో వచ్చేస్తాయని ఆ కాలంలోనే రాసిపెట్టారు. నాకు రెండు నెలలు పట్టింది, అది వేరే సంగతి. మొత్తానికి "గ్వాంగ్జు టెర్మినల్" అని నా వేలితో నేనే కొట్టి, చూశావా అన్నట్టు మా ఆయన వైపు చూశాను.

ఆ పొగరే కొంప ముంచింది. ఈ దేశంలో గ్వాంగ్జులు రెండు. ఒకటి సియోల్‌కు ఆగ్నేయంగా గ్యోంగీ ప్రావిన్సులో ఉంది, మాకు తూర్పున. రెండోది దేశానికి నైరుతి మూలనున్న మహానగరం, దాదాపు 14 లక్షల జనం. పాత చైనా లిపిలో రాస్తే ఒకదాని మొదటి అక్షరానికి విశాలమని అర్థం, రెండోదానికి వెలుగని. హంగుల్లో రాస్తే రెండూ ఒకటే, ఒత్తూ దీర్ఘమూ కూడా తేడా లేదు.

నాకు తెలియదు. తమరికి తెలుసు. తెలిసే, పెద్దూరిని పైన పెట్టారు, చిన్నూరిని కింద పెట్టారు. నేను పైదాన్ని నొక్కాను. "3 షిగాన్ 20 బున్" అని వచ్చింది. బడిపిల్లలా కూడబలుక్కొని షి-గాన్ అని చదివాను కూడా. చదవడం వచ్చింది గానీ అర్థం రాలేదు. అప్పుడు టైము రెండు. మూడూ ఇరవైకి చేరతారని చెబుతున్నారనుకున్నా. ఆ పిల్ల చెప్పిన లెక్కకు అతికినట్టు సరిపోయింది! షిగాన్ అంటే గంటలని సాయంత్రం తెలిసింది. కౌంటర్లో ఫోన్ చూపిస్తే ఆ అబ్బాయి తల వంచి నమస్కారం పెట్టి రెండు టికెట్లు చించిచ్చాడు.

బస్సు బ్రహ్మాండం. సీట్లు మంచాల్లా వెనక్కి వాలతాయి. పావుగంటకు మా ఆయన గురక మొదలుపెట్టాడు. నేను కిటికీ పక్కన. ఎండ కుడివైపు నుంచి చెంప మీద కొడుతోంది. సాయంకాలం ఎండ కుడిపక్క ఉంటే బండి దక్షిణానికి పోతున్నట్టు. ఇది ఆరో తరగతి పాఠం. రెండు చేతులూ చాపి ఉదయించే సూర్యుడికి ఎదురుగా నిలబడితే నీ కుడిచేయి దక్షిణం అని గ్రౌండులో పిల్లల్ని వరసగా నిలబెట్టి చెప్పిన మనిషిని నేను. తూర్పుకు పోవాల్సిన బస్సు దక్షిణానికి ఎందుకు పోతోందని అనుమానం వచ్చింది. ఫోన్ తీసి చూశాను. నీలం గీత మీద నీలం చుక్క, నిక్షేపంగా. సరేలే, మలుపు ముందుంటుందనుకొని కర్టెన్ లాగేసుకున్నా. సూర్యుడి మాట కాదని మీ మాట విన్నా. అదీ నా బాధ.

గంట దాటాక బస్సు హైవే పక్కన ఆగింది. డ్రైవరు పదిహేను అని వేళ్లతో చూపించాడు. అందరూ దిగారు. మా ఆయన లేచి, "ఏందబ్బా, గంట ప్రయాణానికి హాల్టు కూడానా?" అన్నాడు. పోయి వేడివేడి వాల్‌నట్ ఉండలు కాగితం పొట్లంలో తెచ్చుకొని తిన్నాడు. మంచి ప్రశ్నే వేశాడా మనిషి. నెల్లూరు నుంచి కోవూరు పోయే బస్సు మధ్యలో భోజనానికి ఆగుతుందా? ఆ ఆలోచన నాకు రాలేదా? వచ్చింది. నీ నీలం గీత చూసి నోరు మూసుకున్నా.

అవును, నువ్వే అంటున్నా. తమరు తమరు అని ఎంతసేపని రాస్తాను!

ఐదున్నరకు దిగాం. ఆ పిల్ల ఫోను.

"ఆంటీ, వచ్చారా? నేను బస్టాండులోనే ఉన్నా."

"నేనూ బస్టాండులోనే ఉన్నానమ్మా."

"ఏ వైపు?"

"అదే, పెద్ద హాలు, పుస్తకాల షాపు, పైకి ఎస్కలేటరు…"

"ఎస్కలేటరా? ఇక్కడ ఎస్కలేటర్ లేదే. ఎర్ర బోర్డు కనిపిస్తోందా?"

"లేదమ్మా. చాలా బస్సులున్నాయి. వందుంటాయేమో."

కాసేపు మాట లేదు. వెనకాల పసిబిడ్డ ఏడుపు. తర్వాత మెల్లగా అడిగింది: "ఆంటీ… ఏ గ్వాంగ్జు?"

ఆ రెండు మాటల కోసమే ఈ ఉత్తరం. పసిబిడ్డను భుజాన వేసుకొని ఎండలో నిలబడ్డ పిల్లకు తట్టిన ప్రశ్న నీకెందుకు తట్టలేదు? అదే క్షణంలో నువ్వు నా చేతిలో టింగుమని మోగి, గమ్యం చేరుకున్నారని చెప్పావు చూడూ, ఫోన్ నేలకేసి కొట్టబోతే మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఆయనకు నా మీద ప్రేమేం కాదు, రిటర్ను టికెట్ మెసేజ్ అందులోనే రావాలి.

మా పుట్టిల్లు ఆత్మకూరు. ముప్పై ఏళ్ల కిందట హైదరాబాదు ఇమ్లీబన్ బస్టాండులో ఎంక్వయిరీ కిటికీ దగ్గర నిలబడి "ఆత్మకూరు బస్సు ఎప్పుడుంది" అని అడిగాను. లోపలి మనిషి పాన్ నములుతా, మొహమైనా ఎత్తకుండా, "ఏ ఆత్మకూరమ్మా? నెల్లూరుదా, కర్నూలుదా, మహబూబ్‌నగర్‌దా?" అన్నాడు. ఆయన ముందు కంప్యూటరు లేదు. పైన ఫ్యాను కూడా తిరగడం లేదు. ఆయనకు నేనెవరో తెలియదు, ఎక్కడున్నానో శాటిలైటుతో చూడలేదు. ఆత్మకూరు ఒక్కటే కాదని తెలుసు, కాబట్టి అడిగాడు. అంతే కదా తెలివంటే!

ఆయన సంగతెందుకు, మీ రైలోళ్లను చూడు. చిన్న గ్వాంగ్జుకు 2016లో స్టేషను కట్టి దానికి "గ్యోంగీ గ్వాంగ్జు" అని పేరు పెట్టుకున్నారు, జనం తికమకపడతారని. మా నాంపల్లి స్టేషనుకు హైదరాబాద్ డెక్కన్ అని ఉన్నట్టే, సింధులో ఇంకో హైదరాబాద్ ఉంది కాబట్టి. క్లాసులో ఇది చెబితే వెనక బెంచీ వాడొకడు "టీచర్, పొరపాటున పాకిస్తాన్ పోయినోళ్లు ఉన్నారా" అని అడిగితే అందరం నవ్వాం. ఒరే అబ్బాయ్, నువ్వెక్కడున్నావో గానీ, ఆ పొరపాటు ఇప్పుడు మీ టీచరే చేసిందిరా.

నీకు చేతకాక కాదు, అదే నా కడుపుమంట. మెట్రోలో లైను మారాలంటే ఎన్నో పెట్టెలో ఎన్నో తలుపు దగ్గర నిలబడితే మెట్లు ఎదురుగా వస్తాయో చెబుతావు. నిజంగా చెబుతావు! మొన్న ఒకటి రెండుసార్లు పరీక్షించి చూశా, తలుపు తెరుచుకుంటే ఎదురుగా మెట్లే. బస్సు రెండు నిమిషాల్లో వస్తుందంటావు, రెండు నిమిషాల్లో వచ్చి నిలబడుతుంది. ఆ రోజు ఒళ్లు జలదరించింది నాకు. మా ఊళ్లో బస్సు కోసం నిలబడి జీవితంలో ఎన్ని గంటలు పోయాయో లెక్కేస్తే ఇంకో బీఈడీ అయ్యేది. అడుగు దూరంలో ఏ తలుపో తెలిసినవాడివి, మూడు గంటల దూరంలో ఏ ఊరో అడగలేకపోయావా?

అడ్రసు లేకుండా ఊరిపేరు కొట్టడమేంటని నువ్వనొచ్చు. మా అల్లుడూ అదే అన్నాడు. ఇక్కడ రోడ్డు పొడవునా ఇరవై మీటర్లకో నెంబరట, ఎడమ వైపు బేసి, కుడి వైపు సరి, 2014 నుంచి అందరూ ఆ పద్ధతేనట. బాగుంది. మా అడ్రసు అయ్యప్పగుడి దాటాక వేపచెట్టు సందు. ఆ చెట్టు కొట్టేసి పదేళ్లయింది, అయినా ఉత్తరాలు తప్పలేదు. ఎందుకు? సందు మొదట్లో ఎవరో ఒకరు "ఎవురింటికి?" అని అడుగుతారు కాబట్టి.

ఇంకొక్కటి. నువ్వు పంపిన ఊరు మామూలు ఊరు కాదని నాకు తెలుసు. 1980 మేలో సైనిక పాలన మీద తిరగబడి ప్రాణాలిచ్చిన ఊరది. మరో రోజైతే చేతులు జోడించి తిరిగి చూసేదాన్ని. ఈ రోజు అక్కడ నేను చూసింది ఒక బాత్రూమూ, ఒక టికెట్ కౌంటరూ. ఆ చూపించడం కూడా నీకు సరిగ్గా చేతకాలేదు.

తిరుగు బస్సులో మా ఆయన ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. సగం దారిలో మలైకాజా డబ్బా మూత ఊడి పాకం ప్యాంటు మీదకి కారింది. తుడిచేకొద్దీ పాకుతోంది. ఆఖరికి డబ్బా తెరిచి, "బిడ్డ కోసం ఐదు వందల కిలోమీటర్లు తిరిగొచ్చినయ్, ఒకటి తిను" అని నా చేతిలో పెట్టాడు. ఇద్దరం చీకట్లో చెరో రెండు తిన్నాం. కోవా కొంచెం పులిసింది.

ఆదివారం మళ్లీ పోతున్నాం. ఈసారి రైల్లో, ఇమే స్టేషనులో లైను మారి, గ్యోంగీ గ్వాంగ్జుకు. ఏ పెట్టె, ఏ తలుపో నువ్వే చెప్పాలి, ఇంకెవరున్నారు.

ఇట్లు,
నెల్లూరు సోషల్ టీచరు

తా.క.: ఇది రాస్తుండగా మా ఆయన నా పక్కన కూర్చొని నీలో "గోసోంగ్" అని వెతుకుతున్నాడు. సముద్రం బాగుంటుందని ఎవరో చెప్పారట. ఇప్పుడే అల్లుణ్ణి అడిగా. గోసోంగులు కూడా రెండేనట. ఒకటి ఉత్తర కొరియా సరిహద్దును ఆనుకొని, ఒకటి దక్షిణపు కొసన. రెండింటికీ సముద్రముంది. ఆయన పైదాన్ని నొక్కేశాడు. నువ్వు అప్పుడే గీత గీసేశావు.