చీమకుర్తి షెడ్డు నుంచి హవాయి చెప్పుల దంపతులకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ హవాయి చెప్పుల దంపతుల దివ్య సముఖానికి,

చీమకుర్తిలో కర్నూలు రోడ్డు పక్కన టిప్పర్లు, ట్రాక్టర్లు బాగుచేసే ఒక రేకుల షెడ్డు ఉంది. మా నాన్నది. అందులో జీతాలు, సామాను, బాకీలు రాసేదాన్ని నేను. మీరు నన్ను పట్టించుకుని ఉండరు. నేను మాత్రం మిమ్మల్ని రోజూ చూస్తూనే ఉన్నాను, ఒకరు గేరుబాక్సు కింద, ఇంకొకరు ఇంజనాయిలు మడుగులో.

దంపతులని ఎందుకన్నానంటే, మీరు జంటగా వస్తారు, జంటగా తిరుగుతారు. కలిసి పోయిన దాఖలా మాత్రం లేదు. మా దగ్గర కుడివైపు వారే ముందు తెగుతారు, బ్రేకు తొక్కేదీ కిక్కు కొట్టేదీ వారే కాబట్టి. మిగిలిపోయిన ఎడమవైపు వారంతా షెడ్డు మూల పాత గ్రీజు డబ్బాలో కూర్చుని ఉన్నారు, ఎప్పటికైనా పిలుపు రాకపోతుందా అని. ఆ డబ్బా పారేద్దామంటే మేస్త్రీ ఒప్పుకోడు.

ముందు మీ గొప్ప ఒప్పుకోవాలి. రోహిణీ కార్తెకు రోళ్ళు పగులుతాయంటారు. మా ఊళ్ళో రాయి పగలడానికి కార్తెలతో పనిలేదు, కంప్రెసర్లున్నాయి. కానీ ఆ ఎండకు మా రేకుల కింద మనిషి ఉడికిపోతున్నప్పుడు కాలికి కాస్త గాలి తగలనిచ్చింది మీరొక్కరే. బండి కిందికి దూరాలంటే విడిచి దూరచ్చు. టీ వచ్చిందంటే చూడకుండానే కాలు పెట్టి నడవచ్చు. పొద్దున్నే దేవుడి పటానికి అగరొత్తి వెలిగించే ముందు లేసులు విప్పే పనిలేదు. గంటల తరబడి గొంతుక్కూచుని హబ్బు విప్పే మనిషికి, పాదం మడతపడే చోట మీరు అడ్డం రారు. మట్టి అంటితే పంపు కింద కడిగేస్తే సరి. గుడి బయట వదిలితే ఎవరూ ఎత్తుకుపోరు, పొరపాటున ఎత్తుకుపోయినా మిమ్మల్నే పోలిన ఇంకో జంట అక్కడే ఉంటుంది. ఇవన్నీ బూట్లు చేసేవాళ్ళు ఎన్నడూ పట్టించుకోని సంగతులు. మీ రాజ్యం ఇన్నాళ్ళు నిలబడింది మీ గట్టిదనం వల్ల అనుకుంటున్నారేమో, ఎదుటివాడి బద్ధకం వల్ల.

ఇక ఉద్యోగం దగ్గరికి వద్దాం. కాలిని కాపాడతామని చేరిన మీరు కాపాడేది అరికాలిని, అదీ సగం. పైనున్న వేళ్ళు, గోళ్ళు, మడమ, చీలమండ అన్నీ దేవుడికి వదిలేశారు. చేతిలోంచి జారిన 32 నంబరు స్పానరుకు ఎక్కడ పడాలో తెలుసు. జాకీ రాడ్డుకూ తెలుసు. వెల్డింగ్ రవ్వకైతే మరీ బాగా తెలుసు, మీ పట్టీకీ చర్మానికీ మధ్య సందు చూసుకుని అక్కడే దిగుతుంది. కాలు విదిలించేలోపు దాని పని అయిపోతుంది.

డీజిలు విషయంలో మీ అలవాటు గురించి కూడా చెప్పాలి. రబ్బరుకు పెట్రోలు, డీజిలు, ఇంజనాయిలు పడవు. పీల్చుకుని ఉబ్బుతుంది. ఏడో నంబరుగా షెడ్డులో చేరినవారు కొన్నాళ్ళకు ఎనిమిదో నంబరుకు ప్రమోషన్ కొట్టేస్తారు. ఉబ్బాక మెత్తబడతారు, మెత్తబడ్డాక పట్టీ బొడిపె రంధ్రంలోంచి ఊడివస్తుంది. అప్పుడు మా కుర్రాళ్ళు కింద ఒక పిన్నీసు గుచ్చి మళ్ళీ డ్యూటీలోకి దింపుతారు. లోడు టిప్పరును జాకీ మీద లేపుతున్న మనిషి, తన బరువునంతా ఒక పిన్నీసు మీద ఆన్చి నిలబడటం చూస్తే నాకు టెన్షన్. మీకేమో మామూలే.

మేకుల సంగతి మరీ ఘోరం. వట్టి కాలికి మేకు దిగితే మేకు ఒక్కటే దిగుతుంది. మీలోంచి దిగితే మీ స్పాంజి ముక్కను కూడా గాయంలోకి తోసుకుపోవచ్చు. పైకి చిన్న చిల్లే కనపడుతుంది, లోపల చీము పడుతుంది. షుగరు వల్ల కాళ్ళకు స్పర్శ తగ్గినవాళ్ళయితే సాయంత్రం కాళ్ళు కడుక్కునేటప్పుడుగానీ చూసుకోరు. అన్నట్టు, అలాంటి పాదాలకు డాక్టర్లు రాసే ఎంసీఆర్ చెప్పులు మీకు చుట్టాలే, ఆ సన్నసన్నని గాలిగదుల రబ్బరే. కాకపోతే వాటికి జారిపోకుండా వెనకపట్టీ ఉంటుంది. మీ వంశంలో చదువుకున్న శాఖ అదే అనుకుంటాను.

మీరు చవక అంటారు. నా పుస్తకంలో మీ పేరున ఉన్న పద్దు చూస్తే నిజమే, జత నూట యాభై, అటూ ఇటూ. కానీ పక్క పేజీలో "ఆసుపత్రి" అని ఒక పద్దుంది, దాని కింద టీటీ ఇంజక్షను, డ్రెస్సింగు. ఇంకో పేజీలో "అడ్వాన్సు, కాలి దెబ్బ" అని ఉంది. వాటిలో ఎక్కడా మీ పేరు ఉండదు. నేను ఆ మూడు పేజీలూ కలిపి రాయడం మొదలుపెట్టాను. షెడ్డు పనికి మీరు రెండు మూడు నెలలకు మించి ఆగరు. ఏడాదికి నాలుగైదు జతలు, అంటే ఆరేడు వందలు. తోలు సేఫ్టీ షూ ఏడెనిమిది వందల నుంచి పదిహేను వందల లోపు దొరుకుతుంది, జాగ్రత్తగా వాడితే ఏడాది గడిచిపోతుంది. వెయ్యి రూపాయల జతే కొన్నామనుకోండి, తేడా రోజుకు రూపాయి. బొటనవేలు చితికి మనిషి ఇంట్లో కూర్చుంటే పోయే కూలి ముందు అదెంత?

ఈ లెక్క మేస్త్రీకి చూపించాను. "లెక్క బాగానే ఉండాది పాపా. నూట యాభై అంటే జేబులో ఉంటది. వెయ్యి రూపాయలు ఒక్కసారే యాడనించి వస్తది?" అన్నాడు. మీ ఆయుర్దాయం అంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. దానికి జవాబు చెప్పాల్సింది మేస్త్రీ కాదు, షెడ్డు యజమాని. మా చుట్టూ ఉన్న గెలాక్సీ గ్రానైటు క్వారీల్లో అయితే రక్షణ బూట్లు ఉండాలని, అవి యజమానే ఉచితంగా ఇవ్వాలని 1961 నాటి గనుల నిబంధనల్లోనే ఉంది. అక్కడ అది ఎంత నడుస్తుందో ఆ కాళ్ళు చెబుతాయి. రోడ్డు దాటి మా షెడ్డు దాకా రావడానికి మాత్రం ఆ నిబంధనకే కాళ్ళు లేవు. ఇదే పేజీ మా నాన్నకు కూడా చూపించాను. ఆయన పుస్తకం మూసి, "ఎండలు తగ్గనీ, చూద్దాం" అన్నారు. ప్రకాశం జిల్లాలో ఎండలు తగ్గాక కొనే వస్తువు అంటే మీకు అర్థమయ్యే ఉంటుంది.

మీకు సర్కారు అండ కూడా ఉంది లెండి. రబ్బరు హవాయి చెప్పుకు ఐఎస్ 10702 అని భారతీయ ప్రమాణమే ఉంది. సేఫ్టీ షూకు ఐఎస్ 15298 ఉంది. ఇద్దరూ ఒకే ఆఫీసు గుమాస్తాలు, సీటులో కూర్చున్నది మాత్రం మీరు. పన్ను ఎక్కువనడానికీ ఇప్పుడు వీల్లేదు, 2025 సెప్టెంబరు 22 నుంచి జత 2,500 రూపాయల లోపుంటే జీఎస్టీ 5 శాతమే. బూట్లు చేసే చేతులు మన దగ్గర లేవా అంటే, 2022 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉన్న తడ దగ్గర మాంబట్టులో అడిడాస్ బూట్లు కుడతారు. అవి పరుగు పందేలకు పోతాయి. ఇటుపక్క మన మెకానిక్కులు పిన్నీసు మీద నిలబడి ఉంటారు.

మీకు పోటీగా వచ్చినవాళ్ళను కూడా చూశాను. పెళ్ళి బూట్లు రిటైరయ్యి షెడ్డుకు వస్తాయి. నున్నటి సోలు, ఆయిలు నేల, ఇక ఆ పెళ్ళికొడుకు గేదరింగు మధ్యలో జారినట్టే. పాత స్పోర్ట్స్ షూలు మెత్తగా ఉంటాయి కానీ పైన వలగుడ్డ, ఒక్క వెల్డింగ్ రవ్వ పడితే కరిగి కాలికి అతుక్కుంటుంది. రంధ్రాల క్లాగ్స్ వచ్చాయి, రవ్వలు లోపలికి దిగడానికి ప్రత్యేకంగా దారులు వేసి మరీ. వీటన్నిటికన్నా ఒకప్పటి లారీ టైరు చెప్పులే నయం, అరికాలి వరకు మేకుకు భయపడలేదు. పై భాగం సంగతికొస్తే వాటిదీ మీ వరసే.

కాబట్టి మీ చోటులోకి ఎవరిని తీసుకోవాలో ఒంగోలు బజారులో దుకాణాలు తిరిగి కొన్ని షరతులు రాసుకున్నాను. మీ ముందే చదువుతాను, పారిపోకండి.

ఐఎస్ఐ గుర్తు, కింద లైసెన్సు నంబరు ఉండాలి. నంబరు అసలుదో కాదో, ఈ ప్రమాణాలు రాసే సర్కారు సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో చూసుకోవచ్చు. ముందు భాగంలో స్టీలు కప్పు 200 జౌళ్ళ దెబ్బ తట్టుకునేది కావాలి, అంటే ఇరవై కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడినంత దెబ్బ. బ్రేకు డ్రమ్ముకు అది చాలు. గెలాక్సీ దిమ్మ మీద పడితే ఏ కప్పూ ఆపదు, అక్కడ పక్కకు తప్పుకోవడమే మందు. సోలుకు మేకుల భయం ఉంటే ఎస్1పి అని రాసి ఉన్నది అడగాలి. అందులో మేకు దిగకుండా ఒక పొర ఉంటుంది. పీవీసీ సోలు చవకే, కానీ బరువు, పైగా ఆయిలు నేల మీద నమ్మకం తక్కువ. పీయూ, అంటే పాలీయూరిథేన్ సోలు తేలిక, ఆయిలుకు తట్టుకుంటుంది. వేడి ఇనుము మీద కాలు పెట్టాల్సిన వెల్డరుకు నైట్రైల్ రబ్బరు సోలు, లేసుల్లో రవ్వలు ఇరుక్కోకుండా పైన తోలు మూత.

పీయూ గురించి దుకాణంవాడు చెప్పని మాట ఒకటుంది. దానికి తేమ శత్రువు. వేడి, తేమ కలిసిన గాలిలో వాడకుండా పెట్టెలో దాచినా లోపల్లోపల తినేస్తుంది. మన కోస్తా గాలి సంగతి తెలిసిందే. తక్కువకు వస్తున్నాయని ఒకాయన ఎప్పటివో తయారైన బూట్లు కొని, మంచివి కదా అని బీరువాలో దాచి, తీరా తొడుక్కుని నడిస్తే సోలు మైసూరుపాకులా రాలింది. తయారైన నెల, సంవత్సరం చూసి, కొత్తవి కొని, వెంటనే వాడాలి. మీ విషయంలో అయితే ఇలాంటి దాపరికం ఎవరూ చేయరు, ఆ మర్యాద మీకు దక్కలేదు.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష సైజు. మీతో పెరిగిన పాదాలు ముందు వైపు వెడల్పుగా పరుచుకుని ఉంటాయి. తోలు వాడకంలో సాగుతుంది, స్టీలు కప్పు సాగదు. అందుకని సాయంత్రం పూట, కాళ్ళు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, మేజోళ్ళతో సహా తొడిగి చూడాలి. తొడుక్కుని నిలబడితే చాలదు, దుకాణంలోనే గొంతుక్కూచోవాలి. కప్పు వెనక అంచు వేళ్ళ మీద కొరికిందా, ఆ జత అక్కడే వదిలెయ్యాలి. నేను ఈ పరీక్ష పెట్టిస్తుంటే దుకాణంవాడు, "అమ్మా, బూట్లు నడవడానికండీ, కూచోడానికి కాదు" అన్నాడు. మెకానిక్ పని నడక పని అని ఆయనకు ఎవరు చెప్పారో. వేడికి చీలమండ దిగువదాకా ఉండే గాలాడే రకం, నూలు మేజోళ్ళు రెండు జతలు, రాత్రికి లోపలి అట్ట బయటికి తీసి నీడలో ఆరబెట్టడం. ఇవి పాటిస్తే వేళ్ళ సందులు పాచిపోవు.

పెరటి సంగతి చిన్నది. చిల్లచెట్టు ముల్లు మిమ్మల్ని లెక్కచేయదని, పల్లేరు కాయలు మీ అడుగున అతుక్కుని ఇంటిదాకా వస్తాయని ఊరంతటికీ తెలుసు. కంప కొట్టే రోజు సేఫ్టీ షూ, రాత్రిపూట నీళ్ళు కట్టడానికో గడ్డివాము దగ్గరికో పోయేటప్పుడు మోకాలి కిందిదాకా వచ్చే గంబూట్లు. రక్తపింజరి కాటు ఎక్కువగా పడేది పాదం, పిక్కల దగ్గరే. ఆ చీకట్లో మీరు టపటప చప్పుడు చేసి హెచ్చరిస్తారని మా నాయనమ్మ నమ్మకం. పాములకు మన చప్పుడు గాలిలో కన్నా నేల అదురులో బాగా తెలుస్తుంది. మీ టపటప ఊళ్ళో కుక్కలకే.

అందువల్ల ఈ లేఖ అందిన వెంటనే మిమ్మల్ని షెడ్డు విధుల నుంచి తప్పించి బాత్రూము గుమ్మం దగ్గరికి బదిలీ చేయడమైనది. జీతభత్యాల్లో మార్పు లేదు. టీ బంకు దాకా వెళ్ళిరావడానికి పగటిపూట అనుమతి ఉంది. గ్రీజు డబ్బాలోని ఎడమవైపు వారికి వయసు మళ్ళిన రీత్యా తలుపు కింద ఆపుడు ముక్కలుగా పునర్నియామకం. అభ్యంతరాలుంటే మా నాన్నకు చెప్పుకోండి, ఎండలు తగ్గాక చూస్తారు.

ఇట్లు,
లెక్కల పుస్తకం మనిషి,
చీమకుర్తి

తా.క.: మేస్త్రీకి షెడ్డు ఖర్చుతో స్టీలు కప్పు బూట్లు కొనిపించాను. సైజు కుదిరింది, గొంతుక్కూచునే పరీక్షలోనూ నెగ్గాయి. ఇప్పుడాయన వెనక మడమ భాగాన్ని తొక్కి చదును చేసి, లేసులు పీకేసి, కాలు దూర్చి ఈడ్చుకుంటూ టపటపమని తిరుగుతున్నాడు. దీని వెనక మీ హస్తం ఉందని నాకు గట్టి అనుమానం. సంజాయిషీ పంపగలరు.