బరువు నాలుగింతలైతే తిండీ నాలుగింతలా? కాదు!

"కిలోకి ఇంత" అని లెక్కగట్టి జంతువులకు తిండి పెట్టడం, మందు వేయడం ఇకనైనా ఆపాలి. చిన్న ప్రాణి కడుపు మాడ్చేదీ, పెద్దదానికి కొవ్వు పట్టించేదీ ఈ లెక్కే.

విశ్రాంతిలో ఉన్న జంతువు ఖర్చుపెట్టే శక్తి బరువుకు సుమారు 0.75 ఘాతంగా, అంటే బరువు కంటే నెమ్మదిగా, పెరుగుతుందని శాస్త్రవేత్త మాక్స్ క్లైబర్ 1932లోనే చూపించాడు. ఘాతం అనగానే కంగారు పడక్కర్లేదు, మామూలు కాల్క్యులేటర్ చాలు. కిలోల్లో బరువును మూడుసార్లు వేసి గుణించండి, వర్గమూలం మీట రెండుసార్లు నొక్కండి, వచ్చినదాన్ని 70తో గుణించండి. 10 కిలోల కుక్కకు 10 × 10 × 10 అంటే 1000, తర్వాత 31.6, తర్వాత 5.62, చివరికి రోజుకు సుమారు 394 కిలోక్యాలరీలు. 40 కిలోల కుక్కకు 1,113. అంటే మూడింతలు కూడా కాలేదు. ఈ పెద్ద కుక్క లెక్క కిలోకి 28 పడుతుంది కదా, అదే 2 కిలోల కుక్కకు వేస్తే 56 వస్తుంది. దానికి నిజంగా కావలసింది 118! ఇది విశ్రాంతి లెక్క మాత్రమే. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన, ఎదిగిన కుక్కకు దీన్ని సుమారు 1.6తో, ఎదిగే పిల్లకు 2 నుంచి 3తో గుణించాలి. అక్కడి నుంచి ఒంటిని చూసి సర్దుకోవాలి.

ఘాతం 0.75 ఎందుకు, 0.67 ఎందుకు కాదు అన్న వాదన ఇంకా తెగలేదు. ఏదైనా సరే, 1 (అంటే నేరుగా కిలో లెక్క) మాత్రం కాదు.

మందుల దగ్గర ఇది ప్రాణాల మీదికే వస్తుంది. 1962లో ఓక్లహోమా సిటీలో టస్కో అనే ఏనుగుకు కిలోకి 0.1 మిల్లీగ్రాము చొప్పున 297 మిల్లీగ్రాముల ఎల్‌ఎస్‌డీ (భ్రమలు కలిగించే మత్తుమందు) ఎక్కించారు. రెండు గంటల్లోపే చనిపోయింది. మధ్యలో వేరే మందులూ ఇచ్చారు కాబట్టి ఏది చంపిందన్న చర్చ ఉంది, కానీ ఏనుగుకు కిలో లెక్క వేయడం మాత్రం సమర్థించలేని పని.

ఇప్పుడు "చుంచెలుకకు కిలోకి 100 మిల్లీగ్రాములు పనిచేసింది" అనే వార్త చూసి తమ బరువుతో గుణించుకునేవాళ్లు ఉన్నారు. దయచేసి వద్దు. ఔషధ పరీక్షల్లో ఆ మోతాదును ముందు 12.3తో భాగిస్తారు, అంటే మనిషికి కిలోకి 8 మాత్రమే. మొదటి పరీక్షకు దాన్ని కూడా మామూలుగా మరో పదోవంతుకు తగ్గిస్తారు.

ఈ సూత్రం కూడా అన్నిచోట్లా కాపాడదు. పారాసెటమాల్‌ను మార్చి బయటకు పంపే ఏర్పాటు పిల్లి కాలేయంలో చాలా బలహీనం. బరువును ఏ ఘాతానికి పెంచి లెక్క వేసినా, పిల్లికి అది విషమే.