అయోడిన్ తాగిన నెలకే థైరాయిడ్ నార్మల్ అయిపోవాలా?

థైరాయిడ్ ఎక్కువై రేడియో అయోడిన్ తీసుకున్నవాళ్లకి ఏదో ఒక గ్రూపు నుంచి ఈ మెసేజ్ వచ్చి పడుతుంది. సారాంశం ఇది: "మందు తాగిన నెలకి థైరాయిడ్ నార్మల్ కావాలి. కాకపోతే డోసు చాలనట్టే, రెండో డోసు అడగండి. టీఎస్‌హెచ్ ఇంకా 0.01 దగ్గరే ఉంటే జబ్బు తగ్గనట్టే. తర్వాత హైపో వస్తే డాక్టరు డోసు ఎక్కువిచ్చి గ్రంథిని కాల్చేసినట్టు. ఆ రేడియేషన్ ఒంట్లో ఏళ్ల తరబడి ఉంటుంది. ఒకటి మాత్రం మంచిది, గ్రంథి పోయాక గ్రేవ్స్ జబ్బు కూడా పోయినట్టే."

నెలకి తగ్గకపోతే డోసు తక్కువ, తర్వాత హార్మోను మరీ తగ్గితే డోసు ఎక్కువ. డాక్టరు ఎటు తిరిగినా దోషే. ఇక్కడ నేను చెప్పేదంతా గ్రేవ్స్ జబ్బుకిచ్చే అయోడిన్ గురించే. గ్రేవ్స్ అంటే ఒంట్లోని యాంటీబాడీలే థైరాయిడ్ గ్రంథిని రెచ్చగొట్టి హార్మోను ఎక్కువ చేయించే జబ్బు. హార్మోను ఎక్కువైతే హైపర్, తక్కువైతే హైపో. టీఎస్‌హెచ్ అనేది థైరాయిడ్‌ని పనిచేయమని మెదడు కింద ఉండే పీయూష గ్రంథి పంపే కబురు, థైరాయిడ్ హార్మోను ఎక్కువైతే ఇది తగ్గిపోతుంది. ఆపరేషన్ తర్వాత క్యాన్సర్‌కి ఇచ్చేదాని లెక్క పూర్తిగా వేరు.

మొదటి మాట, నెల గడువు. అయోడిన్-131 గ్రంథిలోకి చేరి బీటా కణాలు వదులుతుంది. అవి మహా అయితే రెండు మిల్లీమీటర్ల దూరం పోతాయి, అందుకే దెబ్బ ప్రధానంగా గ్రంథికే తగులుతుంది. దెబ్బ తగిలిన కణం మాత్రం ఆ పూటే చావదు, వారాలూ నెలలూ తీసుకుని క్షీణిస్తుంది. దానికి తోడు గ్రంథిలో ముందే తయారై ఉన్న హార్మోను నిల్వ ఒకటి. రక్తంలో ఉన్న టీ4 (ప్రధాన థైరాయిడ్ హార్మోను) సగానికి తగ్గడానికే వారం పడుతుంది. మోటారు ఆపేసినా మిద్దె మీద ట్యాంకు నిండుగా ఉంటే కుళాయి వస్తూనే ఉంటుంది కదా, ఇదీ అంతే.

మొదటి వారాల్లో హార్మోను తగ్గకపోగా పెరగవచ్చు కూడా. దెబ్బతిన్న గ్రంథి నుంచి నిల్వ బయటికి రావడం ఒక కారణం. మందు గ్రంథికి బాగా పట్టాలని, హార్మోను తయారీని తగ్గించే కార్బిమజోల్‌ని కొద్ది రోజుల ముందు ఆపించడం ఇంకో కారణం. గుండెదడ, చేతుల వణుకు మళ్లీ మొదలయ్యేసరికి మందు పనిచేయలేదన్న భయం పట్టుకుంటుంది, సరిగ్గా అప్పుడే ఈ మెసేజ్ కంటబడుతుంది. ఆ మధ్యకాలం గడవడానికే దడ, వణుకు తగ్గించే ప్రొప్రనలాల్ లాంటి మాత్రలు. పెద్దవయసు వాళ్లకీ గుండెజబ్బు ఉన్నవాళ్లకీ అవసరమైతే కార్బిమజోల్‌ని కొన్ని రోజుల తర్వాత మళ్లీ మొదలుపెడతారు. తీవ్రమైన జ్వరం, ఆగని దడ, మాట తడబాటు, ఆయాసం కనిపిస్తే మాత్రం అది ఎదురుచూసే విషయం కాదు, వెంటనే ఆసుపత్రికి పోవాల్సిందే.

హార్మోను దిగేది చాలామందికి 2 నుంచి 6 నెలల మధ్య. కొందరికి 4 వారాలకే దిగిపోతుంది. అందుకే నెలా రెండు నెలల్లోపు మొదటి పరీక్ష, ఆ తర్వాత 4 నుంచి 6 వారాలకోసారి. రెండో డోసు మాట మామూలుగా 6 నెలలు దాటినా హైపర్ అలాగే ఉంటేనే. 3 నెలలకి కూడా పెద్దగా కదలిక లేకపోతే కొందరిలో ముందే ఆలోచిస్తారు. నెలకే అడగమనడానికి ఆధారం లేదు.

ఇక టీఎస్‌హెచ్. మెసేజ్ మొత్తంలో ఎక్కువ హాని చేసే వాక్యం ఇదే, ఎందుకంటే చూడ్డానికి సరైనదిగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి థైరాయిడ్ ఎలా ఉందో చూడ్డానికి టీఎస్‌హెచ్‌ని మించిన పరీక్ష లేదు. కానీ గ్రేవ్స్ రోగిలో పీయూష గ్రంథి నెలల తరబడి అణిగి ఉంటుంది. హార్మోను పడిపోయిన సంగతి దానికి తెలిసొచ్చి టీఎస్‌హెచ్‌ని మళ్లీ వదలడానికి వారాలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు. ఈలోగా ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరుగుతూ పనికొచ్చే టీ4) నార్మల్ కంటే కిందికి జారి మనిషి నిజంగానే హైపోలో ఉన్నా, రిపోర్టులో టీఎస్‌హెచ్ మాత్రం 0.01 అనే చూపిస్తుంది.

ఖర్చు కలిసొస్తుందని టీఎస్‌హెచ్ ఒక్కటే చేయించుకుని వెళ్లారనుకోండి. ఆ అంకె చూసినవాళ్లు "ఇంకా హైపరే" అని కార్బిమజోల్ కొనసాగించే ప్రమాదం ఉంది. అప్పటికే దిగిన హార్మోను ఇంకా దిగుతుంది. పిక్కలు పట్టేయడం, ముఖం ఉబ్బడం, ఎంత పడుకున్నా తీరని నిద్ర, చలి, బరువు పెరగడం మొదలవుతాయి. తొలి నెలల్లో చూడాల్సింది ఫ్రీ టీ4, దానితోపాటు ఇంకో థైరాయిడ్ హార్మోను టీ3. టీ4 నార్మల్‌కి వచ్చినా టీ3 ఒక్కటే ఎక్కువగా మిగిలే కేసులుంటాయి గనక రెండూ కావాలి. హార్మోను లోటు తీర్చే థైరాక్సిన్ మాత్ర ఎప్పుడు మొదలుపెట్టాలో ఈ దశలో చెప్పేది ఫ్రీ టీ4, మీ లక్షణాలు. టీఎస్‌హెచ్ మాట తర్వాత.

మరో చిక్కు. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడేవాళ్లు చాలామంది, థైరాయిడ్ రోగుల్లో మరీ ఎక్కువ. కొన్ని ల్యాబు యంత్రాల్లో బయోటిన్ పరీక్షనే తప్పుదారి పట్టిస్తుంది. టీ4 లేనంత ఎక్కువగా, టీఎస్‌హెచ్ లేనంత తక్కువగా వస్తాయి. అంటే అచ్చం హైపర్ రిపోర్టే. రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు ఆపి, ఆ సంగతి డాక్టరుకీ చెప్పాలి.

హైపో వచ్చిందంటే డోసు ఎక్కువైందన్న మాటకి సమాధానం చిన్నది. గ్రేవ్స్‌లో అయోడిన్ ఇచ్చేదే గ్రంథిని పనిలోంచి తప్పించడానికి. మామూలుగా ఇచ్చే 10 నుంచి 15 మిల్లీక్యూరీల లెక్క వెనక ఉద్దేశం అదే. గ్రంథిలో కొంత మిగిల్చి నార్మల్‌గా ఆపుదామని తక్కువ డోసిస్తే హైపర్ తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. జీవితాంతం మాత్ర అవసరమన్న సంగతి మందు తాగకముందే రోగికి చెప్పాలి. చెప్పకుండా మందిచ్చిన చోట కోపం న్యాయమే, నేను కాదనను. కానీ ఆ కోపంతో మాత్ర మానేస్తే నష్టం మనకే. గ్రేవ్స్ కంటి సమస్య ఉన్నవాళ్లు హైపోని వదిలేస్తే కళ్లు ఇంకా దెబ్బతినవచ్చు, సిగరెట్ తోడైతే మరీనూ. మొదటి ఆరు నెలల్లో వచ్చిన హైపో కొద్దిమందిలో తాత్కాలికం కూడా కావచ్చు, అదీ పరీక్షలోనే తేలాలి.

రేడియేషన్ ఏళ్ల తరబడి ఉంటుందా? అలా ఉండేదే అయితే ఆసుపత్రులు ఓసారి కొని బీరువాలో పెట్టుకునేవి. అయోడిన్-131 ప్రతి 8 రోజులకీ సగమైపోతుంది, 80 రోజులకి వెయ్యో వంతు కూడా మిగలదు. గ్రంథికి పట్టనిది మొదటి రెండు రోజుల్లోనే చాలావరకు మూత్రంలో పోతుంది. పసిపిల్లలకీ గర్భిణులకీ దూరంగా ఉండమనేది కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాల జాగ్రత్త. ఆడవాళ్లు ఆరు నెలలు గర్భం వాయిదా వేసుకోమన్నదానికి రేడియేషన్ ఒక్కటే కారణం కాదు, హార్మోను నిలకడగా ఉండాలన్నది కూడా.

చివరి మాట, గ్రంథితో పాటు గ్రేవ్స్ పోయిందని. గ్రేవ్స్‌కి మూలం యాంటీబాడీలు, అవి గ్రంథిలో కాపురం ఉండవు. అయోడిన్ తర్వాత కొన్ని నెలలు అవి పెరుగుతాయి కూడా, కొందరిలో ఏళ్ల పాటు మిగులుతాయి. తల్లి థైరాక్సిన్ వేసుకుంటూ రిపోర్టు చక్కగా ఉన్నా, ఆ యాంటీబాడీలు మాయ దాటి కడుపులో బిడ్డ థైరాయిడ్‌ని రెచ్చగొట్టగలవు. అందుకే గర్భం మొదట్లోనే ఆ యాంటీబాడీలని కొలిచే ట్రాబ్ పరీక్ష చేస్తారు, ఎక్కువుంటే 18-22 వారాల మధ్య మళ్లీ చేస్తారు. గ్రేవ్స్ పోయిందనుకుని పాత అయోడిన్ సంగతి గైనకాలజిస్టుకి చెప్పకపోతే ఆ పరీక్ష ఎవరూ రాయరు.