ముగ్గేస్తే స్టేటస్ పెట్టాల్సిందేనా?

ధనుర్మాసం వస్తే మా అపార్ట్‌మెంట్‌లో నాకు ఇదే టెన్షన్. చలిలో నడుం వంచి 15 చుక్కలు, 8 వరకు సందు చుక్కలు పెట్టి ముగ్గు వేస్తానా, చేతికంటిన పిండి కడుక్కోకముందే ఎదురింటావిడ అడుగుతుంది: "స్టేటస్‌లో పెట్టలేదేంటండీ?"

పెట్టనండీ! ఆఖరి గీత వెళ్లి మొదటి గీతను కలిసినప్పుడు నాకు కలగాల్సిన తృప్తి కలిగేసింది. మధ్యాహ్నానికి స్కూటర్లు తొక్కేసినా ఫరవాలేదు. అయినా బియ్యప్పిండి చల్లేది చీమలకీ పిచ్చుకలకీ కదా. అవేమైనా లైకులు కొడతాయా?

మా ఆడపడుచు మరీను. ఫొటో పెట్టి గంటకోసారి ఎవరెవరు చూశారో లెక్కేసుకుంటుంది. "చిన్నత్త చూసింది వదినా, బాగుందని ఒక్క ముక్క అనలేదు" అని పండగపూట ముఖం మాడ్చుకుంటుంది. ఆ ముగ్గు వేసేటప్పుడు ఎంత హుషారుగా ఉందో! లైకుల లెక్క కనబడకుండా దాచుకునే వీలు ఇన్‌స్టాగ్రామ్‌ 2021లోనే ఇచ్చింది. ఆ మాట చెబితే "మరి పెట్టడం దేనికి?" అంది. అదే కదా నేనూ అడిగేది!

ఇప్పుడు ముగ్గుల పోటీకి పేరివ్వమని వెంటపడుతున్నారు. ఇవ్వను. పొగరనుకుంటే అనుకోనీండి. బహుమతి ఎలాగూ ప్లాస్టిక్ డబ్బానే.