మంచం సంగతి సరే, వీలునామా మిగతాది చదివారా?

షేక్‌స్పియర్ పోయిన రోజు, ఏప్రిల్ 23 వచ్చిందంటే చాలు, టైమ్‌లైన్ నిండా ఒకటే ముక్క. షేక్‌స్పియర్ అంతటివాడు పోతూ పోతూ భార్య ఆన్‌కు ఏం రాసిచ్చాడో తెలుసా? ఇంట్లో ఉన్నవాటిలో రెండో మంచి మంచం! కింద నవ్వుల ఎమోజీలు, “పాపం ఆన్” అని నిట్టూర్పులు, “మగబుద్ధి ఎక్కడైనా ఒకటే” అని తీర్పులు. మూడు కాగితాల వీలునామాలో ఒక్క ముక్క పట్టుకుని ఒక సంసారం గుట్టంతా తేల్చేస్తుంటే ఒళ్లు మండుతుంది. అది ప్రేమలేఖ కాదండీ బాబూ, ఆస్తి కాగితం. అది రాసినవాడు కాగితం మీద పెద్దమనిషి హోదా పెట్టుకున్నా, పుట్టింది చేతితొడుగులు కుట్టి అమ్మే ఇంట్లో. బావ టోపీల పనివాడు, చిన్నల్లుడు ద్రాక్షసారా వ్యాపారి. ఆ కాలపు చేతిపనివాళ్లు, దుకాణదారులు ఇల్లూ వాకిలీ పిల్లలకెలా అప్పగించేవారో తెలిస్తేనే ఆ కాగితం అర్థమవుతుంది.

ముందు ఇంకో అపోహ. ఇంగ్లండ్‌లో ఆస్తంతా పెద్దకొడుక్కే వెళ్లేదని మనవాళ్లు ఖాయంగా నమ్ముతారు. నిజమే, భూమి విషయంలో. అదీ అన్నిచోట్లా కాదు. కెంట్ ప్రాంతంలో కొడుకులందరికీ సమానంగా పంచే ఆచారం ఉండేది, కొన్ని పట్టణాల్లో ఏకంగా చిన్నకొడుక్కే ఇచ్చేవారు. పైగా భూమిని వీలునామాలో ఇష్టమొచ్చినవాళ్లకు రాసే హక్కు చట్టం ద్వారా వచ్చిందే 1540లో. అయితే వ్యాపారికి భూమి ఎంతుంటుంది? అతని ఆస్తంటే దుకాణంలో సరుకు, పనిముట్లు, ఇంటి సామాను, లీజు, జనం నుంచి రావలసిన బాకీలు. వీటికి పెద్దకొడుకు సూత్రం వర్తించదు. ఇవి 1858 దాకా చర్చి కోర్టుల పరిధిలో ఉండేవి. వీలునామా లేకుండా పోయినవాడి సామాను, డబ్బు ఎలా పంచాలో 1670 నాటి చట్టం చెప్పింది. మూడో వంతు భార్యకు, మిగతాది పిల్లలందరికీ సమానంగా. కూతుళ్లూ అందులో ఉన్నారు. వీలునామా రాసిన మామూలు పనివాళ్లు కూడా చాలామంది ఇదే బాటలో నడిచారు. ఇల్లో పొలమో ఉంటే కొడుక్కి, కూతురికి దాదాపు ఆ విలువకు దగ్గరగా సామాను, డబ్బు. మన భాషలో చెప్పాలంటే పసుపు కుంకుమ కింద.

మనిషి పోగానే ఇరుగుపొరుగు వచ్చి ఇంట్లో ఒక్కో గదీ తిరిగి సామాను లెక్క రాసేవారు. 1529 చట్టం ప్రకారం ఇది తప్పనిసరి. సాధారణంగా మొదటి పద్దు చనిపోయినవాడి డబ్బు సంచీ, ఒంటిమీది బట్టలు. తర్వాత హాలు, పడకగది, వంటిల్లు, దుకాణం. తగరపు గిన్నెలు తూకం వేసి రాసేవారు. దుప్పట్లు జతల్లో లెక్కపెట్టేవారు. లీజుకి విలువ కట్టేవారు, సొంత భూమిని మాత్రం ఇందులో చేర్చేవారు కాదు. 1592లో షేక్‌స్పియర్ సొంతూరు స్ట్రాట్‌ఫర్డ్‌లో హెన్రీ ఫీల్డ్ అనే తోళ్లు పదునుచేసే ఆయన పోతే, ఆయన సామానుకు ధర కట్టినవాళ్లలో ఒకరు జాన్ షేక్‌స్పియర్, మన కవిగారి నాన్న. అంటే పక్కింటి పరుపు ఎంత చేస్తుందో, దిండు గలీబులు ఎన్నున్నాయో తెలిసిన మనుషుల మధ్య పెరిగాడు విలియం. ఈకల పరుపు, దిండ్లు, తెరలు, దుప్పట్లు అన్నీ కలిపితే మంచం అనేది చాలా ఇళ్లలో అన్నిటికంటే ఖరీదైన వస్తువుల్లో ఒకటి. మంచిది చాలాచోట్ల అతిథులకని ఉంచేవారు, లేదా ఇంటితో పాటు వారసుడికి వెళ్లేది. ఆలుమగలు పడుకున్నది రెండోదే అయ్యుండొచ్చు. కాబట్టి “రెండో మంచి మంచం, దాని సరంజామాతో సహా” అనే మాటలో వెటకారం వెతకడం మన సరదా, అంతే.

అలాగని ఆయన్ని వెనకేసుకు రావట్లేదు. భర్త సొంత భూముల్లో మూడో వంతు మీద బతికినంత కాలం ఆదాయం భార్యకు హక్కుగా వచ్చేది. అది వీలునామాలో రాయాల్సిన అవసరం ఉండేది కాదు. కానీ 1613లో లండన్ బ్లాక్‌ఫ్రయర్స్‌లో ఇల్లు కొన్నప్పుడు పక్కన ముగ్గురు ట్రస్టీలను పెట్టుకున్నాడు. ఉద్దేశం ఏదైనా, ఆ ఇంటిమీద ఆన్‌కు ఆ హక్కు రాకుండా పోయింది. ఇంకోటి. ఆ కాలంలో పెళ్లయిన పనివాళ్లలో ఎక్కువమంది వీలునామా అమలుచేసే బాధ్యత భార్యకే అప్పగించేవారు. బాకీలు వసూలు చెయ్యడం, అప్పులు తీర్చడం, పిల్లల వాటాలు ఇవ్వడం, కోర్టుకు లెక్క చెప్పడం అన్నీ ఆవిడే. షేక్‌స్పియర్ ఆ పని పెద్దకూతురు సుసానాకు, ఆమె భర్త డాక్టర్ జాన్ హాల్‌కు ఇచ్చాడు. తిట్టాలనుంటే ఇక్కడ తిట్టండి. మంచానికి అంత సీన్ లేదు.

నన్నడిగితే వీలునామాలో అసలు గుండెకాయ చిన్నకూతురు జూడిత్ పేరా. 1616 ఫిబ్రవరిలో ఆమె థామస్ క్వినీని చేసుకుంది. నెల తిరిగేసరికి ఆ అల్లుడి వల్ల వేరే ఆడమనిషి గర్భవతై చనిపోయిన బాగోతం చర్చి కోర్టుకెక్కింది. మార్చి 25న తండ్రి వీలునామా సవరించాడు. “అల్లుడు” అన్న మాట కొట్టేసి ఉంది. జూడిత్‌కు కట్నం కింద 100 పౌండ్లు, ఒక ఇంటిమీద హక్కు వదులుకుంటే ఇంకో 50. మూడేళ్ల తర్వాత ఆమె గానీ, ఆమె పిల్లలు గానీ బతికుంటే మరో 150. ఈ 150 దగ్గర చూడండి మెలిక. భర్త ఉన్నంతకాలం అసలు ఆమె చేతికి రాదు, ఏటేటా వడ్డీ మాత్రమే. మొగుడికి ఆ డబ్బు కావాలా? ముందు అంత విలువైన భూమి ఆమె పేరిట, ఆమె పిల్లల పేరిట రాయాలి. ఎందుకింత తతంగం? పెళ్లయిన మరుక్షణం ఆడదాని డబ్బు, సామాను మొగుడివైపోయేవి. కూతురి చేతికి 150 పౌండ్లు ఇవ్వడమంటే క్వినీ జేబులో పెట్టడమే. చట్టాన్ని మార్చలేని తండ్రి దాని పక్కనుంచి సందు చూసుకున్నాడు. ఈ పేరా ఎవరూ షేర్ చెయ్యరెందుకో!

తెలివి ఒకచోట పనిచేస్తే ఇంకోచోట బెడిసికొట్టింది. న్యూ ప్లేస్ అనే పెద్ద ఇల్లు, భూములు సుసానాకు, ఆమె తర్వాత ఆమె మొదటి కొడుక్కి, లేకపోతే రెండో కొడుక్కి... ఇలా ఏడో కొడుకు దాకా రాయించాడు. సుసానాకు ఒక్క కొడుకూ పుట్టలేదు. జూడిత్‌కు ముగ్గురు పుట్టి ముగ్గురూ పోయారు. మనవరాలు ఎలిజబెత్ 1670లో పిల్లల్లేకుండానే చనిపోయింది. అంతటితో వంశం సరి. మరి చెల్లెలు జోన్‌కు ఏమిచ్చాడు? టోపీలవాడి భార్యకు 20 పౌండ్లు, తన బట్టలు, హెన్లీ వీధి ఇంట్లో బతికినంత కాలం ఉండడానికి అనుమతి, అద్దె ఏడాదికి 12 పెన్నీలు. ముగ్గురు మేనల్లుళ్లకు తలా 5 పౌండ్లు రాస్తూ ఒకడి పేరు దగ్గర ఖాళీ వదిలేశారు. మేనమామకు గుర్తురాలేదో, రాసేవాడు తర్వాత అడుగుదామనుకున్నాడో! చివరికి ఎలిజబెత్ ఆ ఇల్లు జోన్ మనవళ్ల వంశానికే రాసింది. అది 1806 దాకా వాళ్ల చేతుల్లోనే ఉంది. ఏడుగురు కొడుకుల కోసం కట్టుదిట్టం చేసిన ఆస్తి పరాయివాళ్లకు పోయింది, పన్నెండు పెన్నీల ఇల్లు రెండు శతాబ్దాలు నిలిచింది.

దుకాణం సంగతి ఇంకా వేరు. దుకాణమంటే గోడలు కాదు, కంపెనీలో, అంటే వృత్తి సంఘంలో, సభ్యత్వం, పని నేర్చిన చేతులు, ఖాతాదారుల నమ్మకం. ఇవేవీ వీలునామాలో రాసిస్తే రావు. పైన చెప్పిన హెన్రీ ఫీల్డ్ కొడుకు రిచర్డ్ నాన్న తోళ్ల పని పట్టుకోలేదు. 1579లో లండన్ వెళ్లి ముద్రణ పనికి కుదిరాడు. గురువు థామస్ వోత్రోలియే 1587లో పోయాడు. ఆయన భార్య జాక్లీన్ పని నడుపుతుంటే మరుసటి ఏడాది కంపెనీ ఆమెను ముద్రించొద్దని ఆపింది. 1589లో ఆమె రిచర్డ్‌ను పెళ్లాడింది, ప్రెస్సు అతనిదయ్యింది. షేక్‌స్పియర్ మొదటి పుస్తకం 1593లో అచ్చయింది అక్కడే. ప్రెస్సు ఆవిడ చేతుల మీదుగా వెళ్లింది, పేరు మాత్రం ఆయనది. ఇక వీలునామాల్లో “ఆమె విధవగా ఉన్నంతకాలం” అనే షరతు ఎన్నిచోట్ల కనిపిస్తుందో! మళ్లీ పెళ్లి చేసుకుంటే ఇల్లు ఖాళీ చెయ్యాలి. కొత్త మొగుడు పాత పిల్లల సొమ్ము మింగేస్తాడన్న భయం అబద్ధం కాదు. కానీ ఆ భయానికి మూల్యం కట్టింది ఎవరు? భర్త పోయాక లెక్కలన్నీ నడిపే మనిషి, భర్త ఉండగా అతని అనుమతి లేకుండా సొంత వీలునామా కూడా రాసే వీల్లేదు.

లండన్ నగర సభ్యులకు, అంటే అక్కడ వ్యాపారం చేసే హక్కు ఉన్నవాళ్లకు, వేరే ఆచారం ఉండేది. పోయినవాడి చరాస్తిలో మూడో వంతు భార్యకు, మూడో వంతు పిల్లలకు, మిగిలిన మూడో వంతు మాత్రమే అతని ఇష్టం. ముందే కట్నమో, వ్యాపారానికి పెట్టుబడో తీసుకున్న పిల్లలు తమ వాటా కావాలంటే తీసుకున్నది మళ్లీ లెక్కలో కలపాలి. చక్కటి పద్ధతి. తండ్రి లేని పిల్లల డబ్బు ఎవరూ కాజేయకుండా నగర పాలకులే ఒక అనాథల కోర్టు నడిపేవారు. చాలామంది ఆ డబ్బు నగర ఖజానాలోనే జమ చేశారు. బంధువులు తింటారని భయపడితే ఏమైంది? నగరమే తినేసింది. 1683కల్లా చెల్లింపులు ఆగిపోయాయి. 1694లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి, బొగ్గు మీదా ద్రాక్షసారా మీదా సుంకాలు వేసి ఆ బాకీకి వడ్డీ కట్టే ఏర్పాటు చేయాల్సొచ్చింది. చివరికి ఆ మూడు వాటాల నియమం కూడా 1725 తర్వాత చేరిన సభ్యులకు లేకుండా పోయింది. అప్పటినుంచి తండ్రి ఇష్టం తండ్రిది. దీన్ని స్వేచ్ఛ అని మెచ్చుకునేవాళ్లున్నారు. ఆ స్వేచ్ఛ వల్ల భార్యకూ పిల్లలకూ చేతిలో ఉన్న హక్కు పోయిందని నేనంటాను.

బెడ్‌ఫర్డ్‌లో జాన్ బన్యన్ ఉండేవాడు. బోధకుడు, రచయిత, అధికారిక చర్చికి బయట బోధించి జైలుకెళ్లినవాడు, వృత్తికి కంచరి. 1685లో కొత్త రాజు వచ్చాక మళ్లీ పట్టుకుని జరిమానాలు వేసి ఆస్తి లాక్కుంటారేమోనని ఆ డిసెంబరులో ఒక దానపత్రం రాశాడు. సామాను, రావలసిన బాకీలు, నగదు, ఉంగరాలు, బట్టలు, ఇత్తడి, తగరం, పరుపులు అన్నీ భార్య ఎలిజబెత్‌కు. స్వాధీనం చేసినట్టు గుర్తుగా రెండు పెన్నీల వెండి నాణెం ఒకటి ముద్ర మీద అతికించాడు. అప్పటి చట్టం దృష్టిలో భార్యాభర్తలు ఒకే మనిషి, కాబట్టి మొగుడు పెళ్లానికి నేరుగా రాసిచ్చే దానపత్రం కోర్టులో నిలిచేదా అంటే అనుమానమే. అయినా రాశాడు, రాసి ఇంట్లోనే ఎవరికీ దొరక్కుండా దాచాడు. ఎంత బాగా దాచాడంటే 1688లో ఆయన పోయాక ఎలిజబెత్‌కే దొరకలేదు. ఆమె మామూలుగా కోర్టుకెళ్లి, వీలునామా లేని మనిషి భార్యగా ఆస్తి చూసుకునే అధికారం తెచ్చుకుంది. కాగితం 19వ శతాబ్దంలో ఇల్లు పడగొడితే బయటపడింది. అంత కష్టపడి కాపాడిన ఆస్తి మొత్తం విలువ 42 పౌండ్ల 19 షిల్లింగులు.