సంతకం పెడితే ప్రాణాలు రాసిచ్చినట్టు కాదు

"ఒంటరిగా నైట్ డ్యూటీ వేస్తే కాదనే హక్కు ఎవరికీ లేదు. అపాయింట్‌మెంట్ లెటర్ మీద సంతకం పెట్టాక ఒప్పుకున్నట్టే. క్యాబ్‌లో ఏం జరిగినా ఆఫీసుకు సంబంధం లేదు. భయపడే ఆడవాళ్లు పగటి డ్యూటీలు చూసుకోవాలి." ఈ మెసేజ్ నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది. నిజమేననుకుని నోరు మూసుకునేవాళ్లు ఉంటారని రాస్తున్నాను.

సంతకం సంగతి ముందు. పనిచేసే చోటును సురక్షితంగా ఉంచే బాధ్యత యజమానిపై చట్టం పెట్టింది. ఉద్యోగి సంతకంతో అది చెరిగిపోదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వృత్తి భద్రత కోడ్ (పనిచేసే చోట భద్రత గురించిన కేంద్ర చట్టం) ప్రకారం సాయంత్రం 7 తర్వాత, ఉదయం 6 లోపు మహిళలతో పని చేయించాలంటే వాళ్ల సమ్మతి కావాలి, భద్రత షరతులూ పాటించాలి.

ఇక "హక్కు లేదు" అన్న మాట. ఆ కోడ్‌లోనే 14వ సెక్షన్ చూడండి. తీవ్రమైన గాయమో, ప్రాణాపాయమో ముంచుకొస్తుందని భయపడటానికి తగిన కారణం ఉంటే ఉద్యోగి యజమానికీ, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్‌కూ (పోలీసు కాదు, ఈ కోడ్ కింద తనిఖీలు చేసే అధికారి) చెప్పవచ్చు. ఇది మగవాళ్లకూ వర్తిస్తుంది. చెప్పకుండా డ్యూటీ ఎగ్గొట్టమని దీని అర్థం కాదు. ఊరికే "భయంగా ఉంది" అంటే కూడా సరిపోదు. నేను నర్సుగా ఒక చిన్న ఆసుపత్రిలో రాత్రిళ్లు ఫ్లోర్ మొత్తానికి ఒక్కదాన్నే ఉండేదాన్ని. తాగొచ్చిన పేషెంట్ బంధువులు తలుపులు బాదేవాళ్లు. నెలల తరబడి నోటితో చెబితే "సర్దుకో అమ్మా" అన్నారు. తేదీలు, టైములు, గొళ్లెం లేని గది, వాచ్‌మన్ లేని గేటు అన్నీ కాగితం మీద రాసి, అందినట్టు సంతకం తీసుకున్నాక రెండో నర్సును వేశారు. మీరూ రాసే ఇవ్వండి, ఒక కాపీ దగ్గర పెట్టుకోండి.

క్యాబ్ విషయం పూర్తిగా తప్పు. లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం, యజమాని ఏర్పాటు చేసిన వాహనాన్ని కూడా పని ప్రదేశంగానే లెక్కిస్తుంది.

చివరి మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న మహిళా డాక్టర్‌పై అత్యాచారం చేసి చంపిన ఘోరం తర్వాత బెంగాల్ ప్రభుత్వం కూడా మహిళా డాక్టర్లకు వీలైనంత వరకు నైట్ డ్యూటీ వద్దంది. 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది. రక్షణ కల్పించడం ప్రభుత్వం పని, ఆడవాళ్లను రాత్రి పని చేయొద్దనడం కాదని చెప్పింది. ఆ నిబంధన తీసేస్తామని ప్రభుత్వం ఒప్పుకుంది.